అద్దె ఇంట్లో తలుపు బిగుసుకుంటోంది, బెల్లు దానంతటదే మోగుతోంది: ఖాళీ చేయాల్సిందేనా?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. అనంతపురం నుంచి బదిలీ మీద శ్రీకాకుళం వచ్చారు, అద్దె ఇల్లు తీసుకున్నారు. ఆషాఢం వానలు మొదలైన దగ్గర్నుంచి వీధి తలుపు బిగుసుకుపోతోంది, రాత్రి పదకొండు దాటాక కాలింగ్ బెల్లు మోగుతోంది, తలుపు తీస్తే ఎవరూ లేరు, పడకగదిలో బల్బు ఆపేసినా సన్నగా వెలుగుతోంది, వంటింట్లో ఉప్పు నీరైపోతోంది, ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఇంటి వాస్తు చూసిన ఒకాయన గుమ్మం మార్చాలన్నారు, మీ అమ్మగారు ఇల్లే మార్చాలంటున్నారు. ఏం చేయాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు, గుమ్మం మార్చనక్కర్లేదు. తలుపుకి కారణం గాలిలో తేమ, బెల్లుకి కారణం పక్కింటి బెల్లు, బల్బుకి కారణం స్విచ్చు బోర్డు, ఉప్పుకి కారణం ఉప్పే. ఫ్రిజ్ మాత్రం ఈ రోజే చూపించండి. మిగతా నాలుగూ తెలిశాక నవ్వుకునే విషయాలు, అది కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మెయిన్ ఆపి ఫ్రిజ్ ప్లగ్గు తీసి పక్కన పెట్టండి. లోపల పాలూ పెరుగూ ఉంటే పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టమని అడగండి, ఎలాగూ బెల్లు గురించి వాళ్ళతో మాట్లాడాల్సిందే.

నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్లుగా ఇళ్ళకి కరెంటు పని చేస్తున్నాను. మా బావమరిది వడ్రంగి. ఇటు ఆమదాలవలస, పొందూరు, అటు నరసన్నపేట దాకా చాలా ఇళ్ళకి ఇద్దరం కలిసే వెళ్తాం. మీరు రాసినలాంటి ఇళ్ళు వానాకాలంలో మాకు వరసగా తగులుతాయి, అందులోనూ బయట జిల్లాల నుంచి వచ్చినవాళ్ళవి ఎక్కువ. కొత్త ఊరు, కొత్త ఇల్లు, మొదటి వానాకాలం, అన్నీ ఒకేసారి పడేసరికి ఇల్లు మన మీద పగబట్టినట్టే ఉంటుంది. రైలు దిగి ఊరెక్కడా అని వెతుక్కున్నామని కూడా రాశారు, అది అందరికీ అయ్యేదే. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, మీరు దిగింది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊరు ఇంకా పది కిలోమీటర్లకు పైనే. మా చుట్టాలు కూడా ఆటో ఎక్కిన దగ్గర్నుంచి "ఇంకా ఎంతసేపు" అని అడుగుతూనే ఉంటారు.

సరే, ఫ్రిజ్‌తో మొదలుపెడతాను. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గ్రైండర్ లాంటివాటికి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. అందులో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. లోపల ఎక్కడైనా కరెంటు కొద్దిగా కారి పైనున్న రేకుకి తగిలితే, అది మన ఒంట్లోంచి కాకుండా ఆ తీగలోంచి నేలలోకి పోవాలి. మీకు జివ్వుమంటోందంటే ఆ దారి ఎక్కడో తెగింది. పాత అద్దె ఇళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఏమిటంటే, సాకెట్‌కి పై రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. కొన్ని ఇళ్ళలో తీగ ఉంటుంది కానీ ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది. బొగ్గు, ఉప్పు వేసి గొట్టం పాతే గొయ్యి అది, తడిగా ఉంటేనే పనిచేస్తుంది, ఎండాకాలంలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్ళు పోస్తుండాలి. దాని మీదే టైల్స్ పరిచేసి స్కూటర్ పెట్టుకుంటున్న ఇళ్ళు బోలెడు. గొయ్యి ఎక్కడుందమ్మా అని అడిగితే ఇంటాయన ఒక మూల చూపిస్తారు, ఇంటావిడ ఇంకో మూల చూపిస్తారు, వాదన మొదలవుతుంది, నేను స్కూటర్ జరుపుకుని వెతుక్కుంటాను.

వానాకాలంలోనే ఎందుకు తెలిసిందంటే నేల చెమ్మగా ఉంటుంది, వంటింట్లో చెప్పులు వేసుకోం. వేసవిలో కూడా కారుతూనే ఉండొచ్చు, పొడి నేల మీద మనకి తగలదు అంతే. "కొంచెమే జివ్వుమంటుంది, అలవాటైపోయింది" అనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఒక ఇంట్లో ఫ్రిజ్ పిడికి పాత తువ్వాలు చుట్టి పెట్టుకున్నారు, పిల్లలు తడి చేతులతో అదే తువ్వాలు పట్టుకుని తీస్తున్నారు. అప్పటికప్పుడు ప్లగ్గు తీయించి, ఎర్త్ కలిపేదాకా ఆ ఇల్లు వదల్లేదు.

ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. అది మెయిన్ బోర్డులో ఉండే స్విచ్చు, లోడు ఎక్కువైతే, షార్ట్ అయితే దానంతటదే పడి కరెంటు ఆపేస్తుంది. మనిషికి షాక్ కొడితే పడే పని దానిది కాదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది, ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నాను. అది పెట్టించాక మొదటి వానకే పడిపోవడం మొదలుపెట్టొచ్చు, సీరియల్ మధ్యలో టీవీ ఆగిపోతుంది, ఇంట్లో అందరూ కలిసి "అది తీయించేయండి" అంటారు. తీయించకండి. మేడ మీద లైటులోనో, బాత్రూం గీజర్లోనో ఎక్కడో కారుతోందని అది చెప్తోంది, ఆ చోటు వెతికించండి.

ఇక తలుపు. చెక్క ఎంత ఎండినా తేమ పీల్చుకునే గుణం పోదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఆ ఉబ్బడం కూడా నారకి అడ్డంగానే ఎక్కువ, నిలువునా దాదాపు ఉండదు. అందుకే తలుపు పొడుగు పెరగదు, వెడల్పు పెరిగి గడియ వైపు గుమ్మాన్ని పట్టుకుంటుంది. అనంతపురంలో మీకిది అంతగా తెలియకపోవడంలో వింత లేదు, దేశంలోనే వాన బాగా తక్కువ పడే చోట్లలో అదొకటి. మాది సముద్రానికి దగ్గరి ఊరు. జూన్‌లో నైరుతి వస్తుంది, అది వెళ్ళేసరికి అక్టోబరు, నవంబరు తుఫాన్లు ఉంటాయి, తలుపుకి ఆరే వ్యవధే దొరకదు. సంక్రాంతి దాటాక నెమ్మదిగా వదులవుతుంది. మీరు అక్కడి నుంచి తెచ్చుకున్న చెక్క బల్ల సొరుగులు కూడా ఈపాటికి మొరాయిస్తూ ఉండాలి, వాటికీ ఇదే కారణం.

ఇప్పుడు చిత్రిక పట్టించకండి. ఇది మా బావమరిది ప్రతి ఇంట్లోనూ బతిమాలి చెప్పే మాట, వినేవాళ్ళు తక్కువ. ఆగస్టులో చిత్రిక పట్టిన తలుపు ఫిబ్రవరికి సందు ఇస్తుంది. ఆ సందులోంచి దోమలు, బల్లులు, వీధిలైటు వెలుగు అన్నీ లోపలికి వస్తాయి. అప్పుడు మళ్ళీ పిలిచి సన్నటి చెక్క పట్టీ కొట్టమంటారు. మళ్ళీ వాన వస్తుంది, పట్టీతో సహా బిగుసుకుంటుంది, ఆ పట్టీకి చిత్రిక పట్టమంటారు. ఒక ఇంట్లో ఇలా ఒకదాని మీద ఒకటి కొట్టిన పట్టీలు చూసి ఆయన కాసేపు నిలబడిపోయి, "అన్నయ్యగారూ, ఇందులో మొదటి తలుపు ఎంతవరకు?" అని అడిగాడు. ఇంటాయన కూడా పగలబడి నవ్వారు, ఆ ఏడాది తలుపుని ముట్టుకోనివ్వలేదు.

బదులుగా ఏం చేయాలంటే, గుమ్మం లోపలి అంచుకి సుద్దముక్క రాసి తలుపు మూసి తీయండి. తలుపు మీద సుద్ద అంటుకున్న చోటే పట్టేస్తోందన్నమాట. అక్కడ కొవ్వొత్తి గట్టిగా రుద్దండి, ఈ సీజనుకి సరిపోతుంది. సుద్ద గడియ వైపు పై మూలలోనే అంటుకుంటే అది తేమ కాకపోవచ్చు, పై బందు మరలు వదులై తలుపు కిందికి వాలి ఉండొచ్చు, మరలు బిగిస్తే చాలు. ఇంకో సంగతి, తలుపుకి ముందూ వెనకా బ్రహ్మాండంగా పెయింటు వేస్తారు గానీ కింది అంచుకి, పై అంచుకి ఎవరూ వేయరు, కనపడదు కాబట్టి. నార తెగి ఉండేది అక్కడే, తేమ ఎక్కువగా పీల్చేదీ అక్కడే. సంక్రాంతి దాటాక తలుపు బాగా ఆరినప్పుడు దింపించి ఆ రెండు అంచులకీ పెయింటు వేయించండి. అప్పటికీ పట్టేస్తుంటే అప్పుడు చిత్రిక గురించి ఆలోచించొచ్చు.

వాస్తు చూసిన ఆయన మీద నాకేం కోపం లేదండి, మా ఇంటికీ చూపించుకున్నాం. కానీ గుమ్మం మార్చినా కొత్త గుమ్మమూ చెక్కదే, వానా ఇదే వాన.

బెల్లు సంగతికి వద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన కేసు ఇది. తీగ లేకుండా గోడకి అంటించుకునే బెల్లులు చాలావరకు 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. బటన్ నొక్కితే ఒక కోడ్ వెళ్తుంది, ఆ కోడ్ విన్న బెల్లు మోగుతుంది. చవక రకాల్లో ఆ కోడ్‌లు కొన్నే ఉంటాయి. మీరూ పక్కింటివాళ్ళూ ఒకే కొట్లో ఒకే రకం కొన్నారనుకోండి, వాళ్ళింటికి వచ్చిన చుట్టానికి మీరు తలుపు తీస్తారు. మీకు రాత్రి పదకొండు దాటాక మోగుతోందంటే, చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరో రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వస్తూ ఉండాలి. పాపం ఆయన తన ఇంటి బెల్లే నొక్కుతున్నాడు.

అరసవల్లి వైపు ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ నన్ను పిలిచి చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేను. "ఏటి బాబూ, రోజూ తెల్లారగట్ల ఐదుకి మోగుతాది, తలుపు తీస్తే ఎవులూ నేరు. మా ముసలాయన లేచే టైమది." ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. నేను మర్నాడు ఐదింటికే వెళ్ళి వీధిలో నిలబడ్డాను. పాలబ్బాయి సైకిల్ మీద వచ్చి పక్కింటి బెల్లు నొక్కాడు, ఈవిడ ఇంట్లో మోగింది. వెళ్ళి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు, ఎంతకీ ఆపలేదు. కోడ్ మార్చేస్తానమ్మా అంటే, "ఉండనీ బాబూ, ఎలాగూ ఐదుకి లేవాలి గదా" అన్నారు. ఆ వారంలోనే ఆ అబ్బాయి దగ్గర తనూ పాలు వేయించుకోవడం మొదలుపెట్టారట, మోగినందుకు ఏదో ఒకటి రావాలి కదా అని.

మీరు మాత్రం మార్పించుకోండి. పక్కిళ్ళవాళ్ళని ఒకసారి బటన్ నొక్కమనండి, మీది మోగితే తేలిపోయినట్టే. చాలా రకాల్లో బెల్లు మీదున్న మీటని కాసేపు నొక్కి పట్టి, మీ బటన్ మళ్ళీ జత చేస్తే కోడ్ మారుతుంది, డబ్బాలో వచ్చిన కాగితంలో ఉంటుంది. మారని రకమైతే తీగ బెల్లు పెట్టించుకోవడమే నయం. మీది ఇప్పటికే తీగ బెల్లయితే కారణం వేరు, బయట స్విచ్చులోకి జల్లు కొట్టి లోపల తడి చేరితే అదే కలిసిపోయి మోగుతుంది. అప్పుడు స్విచ్చు మార్చి పైన చిన్న కప్పు పెట్టించండి, తడిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకండి.

బల్బు. ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలగడానికి పిసరంత కరెంటు చాలు. పాత గుండ్రటి బల్బులకి అది సరిపోయేది కాదు, అందుకే పాత ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న తప్పు వైరింగ్ ఎల్‌ఈడీలు వచ్చాక బయటపడుతోంది. ఎక్కువగా రెండు కారణాలు. మొదటిది, స్విచ్చులోనే ఎర్రటి చిన్న ఇండికేటర్ ఉంటే దాని గుండా కొద్ది కరెంటు బల్బుకి చేరుతుంది. మామూలు స్విచ్చు పెడితే పోతుంది, ప్రమాదమేమీ లేదు. రెండోది, స్విచ్చుని కరెంటు తెచ్చే ఫేజ్ తీగ మీద కాకుండా, తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ మీద పెట్టడం. ఇది సరిచేయించాలి, ఎందుకంటే స్విచ్చు ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. తేలేదాకా ఆ గదిలో బల్బు మార్చాలంటే మెయిన్ ఆపి మార్చండి. ఈ మసక వెలుగు చూసి పడకగది మానేసి హాల్లో చాపలు వేసుకుని పడుకుంటున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. కరెంటు పోయినప్పుడు ఆ వెలుగు కూడా పోతోందా అని అడిగాను. పోతోందన్నారు. దెయ్యానికి కరెంటు బిల్లుతో పనేమిటండీ అన్నాను, చిన్న పిల్ల ముందు నవ్వింది, తర్వాత అందరూ. మర్నాడు తీగ మార్చాను, ఆ రాత్రే మంచాలు తిరిగి గదిలోకి వెళ్ళాయి.

ఉప్పు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, తడి చెంచా ఎవరు పెట్టారని అమ్మగారికీ మీ ఆవిడకీ మాటలు పెరిగాయని కూడా రాశారు. అందుకని ఇది కొంచెం చెప్పాలి. శుభ్రమైన ఉప్పు కూడా గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పట్టడం మొదలుపెడుతుంది. మా దగ్గర వానాకాలపు ఉదయాలు దానికంటే తేమగా ఉండటం మామూలే. రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే నీటిని లాక్కుంటాయి. మా జిల్లాలో నౌపడ ఉప్పు కొఠార్లు చూశారంటే తెలుస్తుంది, వానలు పడితే అక్కడ పనే ఆగిపోతుంది. కాబట్టి తడి చెంచా ఎవరూ పెట్టలేదండి, ఈ మాట ఇద్దరికీ చదివి వినిపించండి. డబ్బా బదులు మూత బిగుతుగా ఉండే జాడీలో పోసి, నాలుగు బియ్యం గింజలు వేసి, అన్నం కుండ ఆవిరి తగలని అలమరలో పెట్టండి. బిస్కెట్లు, అప్పడాలు, మరమరాలదీ ఇదే గతి.

ఇన్ని ఇళ్ళు తిరిగాక నాకు బలంగా అనిపించేది ఇదే. నేను వెళ్ళేసరికి బోర్డు కంటే ముందు మనుషులు వేడెక్కి ఉంటారు. మిక్సీ ఆగిపోయింది, కాల్చేసింది నువ్వే అని ఒకరు, కాదు అత్తయ్యే గారెల పిండి ఎక్కువ వేశారని ఇంకొకరు. మిక్సీ తిరగేస్తే అడుగున చిన్న ఎర్ర మీట ఉంటుంది, లోడు ఎక్కువైతే అది బయటికి తన్నుకొస్తుంది. ప్లగ్గు తీసి, కాసేపు చల్లారనిచ్చి ఆ మీట నొక్కితే చాలాసార్లు మళ్ళీ తిరుగుతుంది, రిపేరుకి పట్టుకెళ్ళనక్కర్లేదు. కరెంటు వచ్చినా ఫ్రిజ్ రాలేదని స్టెబిలైజర్‌ని కొట్టేవాళ్ళూ ఉన్నారు. కంప్రెసర్‌కి కొద్ది నిమిషాల విరామం కావాలని అదే ఆపి ఉంచుతుంది, కొట్టకండి. ఫ్యాన్ ఊ అంటూ తిరగనంటే, ఆపేసి మళ్ళీ వేసి చూడండి, చేత్తో తోస్తే గానీ కదలకపోతే లోపలి కెపాసిటర్ పోయినట్టు, ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్ది వాడతారు, చవకే.

తుఫాను మాట కూడా చెప్పేస్తాను, మీకిదే మొదటి ఏడాది కాబట్టి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళకి కరెంటు రావడానికి రోజులు పట్టింది. హెచ్చరిక వచ్చిందంటే ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్ ప్లగ్గులు తీసి ఉంచండి. కరెంటు తిరిగొచ్చాక లైట్లు నిలకడగా వెలుగుతున్నాయో లేదో చూసుకుని అప్పుడు ఒక్కొక్కటీ పెట్టండి.

ఓనరుగారితో ఎలా మాట్లాడాలని కూడా అడిగారు. ఎర్త్, తప్పు వైరింగ్ రెండూ ఇంటికి సంబంధించినవి, వాటి ఖర్చు ఆయన పెట్టుకోవడం న్యాయం. బెల్లూ, ఇండికేటర్ స్విచ్చూ మీరే మార్చుకోండి, వాటి కోసం మాట అనిపించుకోవద్దు. ఫోన్‌లో చెప్తే "వానాకాలం కదా, అలాగే ఉంటుంది" అంటారు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఓనరుగారినీ రమ్మనండి. ఫేజ్ తీగకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే బల్బు నిండుగా వెలగాలి, వెలగకపోతే ఆయన కళ్ళతోనే చూస్తారు. ఈ పరీక్ష ఎలక్ట్రీషియనే చేయాలి, మీరు చేయకండి.

ఫ్రిజ్ సాకెట్, మెయిన్ బోర్డు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, మూతలు విప్పొద్దు, బయటి నుంచి చాలు. ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసి చెప్తాను. పక్కింటి బెల్లు ఎవరిదో తేలాక అది కూడా రాయండి, తెలుసుకోవాలనుంది.